‘ముహమ్మద్ బిన్ తుగ్లక్’ (1971) ముగింపు: ఆ ముసుగు ఎందుకు తీయలేదు?

పాతరీలు:

చో రామస్వామి తానే రాసి, దర్శకత్వం వహించి, ప్రధాన పాత్ర ధరించిన తమిళ చిత్రం ‘ముహమ్మద్ బిన్ తుగ్లక్’ ముగింపు మీద నాకు చాలా కాలంగా ఒక అభ్యంతరం ఉంది. ఈ వేదికలో పాత తమిళ చిత్రాలను శ్రద్ధగా చూసినవారు ఉన్నారు కనుక దాన్ని ఇక్కడ పెడుతున్నాను. ముగింపు ముందే తెలియకూడదనుకునేవారు దయచేసి ఇక్కడితో ఆగిపోండి.

మహదేవన్, రాఘవన్ అనే ఇద్దరు యువకులు దేశంలోని నాయకుల అసలు రంగు బయటపెట్టాలని పూనుకుని, ఢిల్లీ సుల్తాను తుగ్లక్‌గా ఒకరు, యాత్రికుడు ఇబ్న్ బతూతాగా మరొకరు వేషాలు వేసుకుంటారు. వందల ఏళ్ల తరువాత సమాధుల్లోంచి ప్రాణాలతో లేచి వచ్చామని లోకాన్ని నమ్మిస్తారు. చరిత్ర పండితుడు రంగాచారి కూడా వారిని నమ్ముతాడు. నకిలీ తుగ్లక్ ఎన్నికల్లో నిలబడతాడు, గెలుస్తాడు, ప్రధానమంత్రి అవుతాడు. తన వైపు దూకిన సభ్యులందరికీ ఉపప్రధాని పదవులు పంచిపెడతాడు. హిందీయా, ఇంగ్లీషా అనే తగవును తీర్చడానికి పారశీకాన్ని జాతీయ భాషగా ప్రకటిస్తాడు. పని ముగిశాక తామెవరో ప్రజలకు చెప్పి, మీరు ఇంత తేలికగా మోసపోతారని కళ్లు తెరిపించడం వారి అసలు పథకం. ఆ సమయం వచ్చేసరికి మహదేవన్ అడ్డం తిరుగుతాడు. రాఘవన్ జనం ముందు నిజం చెప్పబోతే, ఆ జనాన్నే అతని మీదికి ఉసిగొల్పుతాడు. రాఘవన్ ప్రాణం పోతుంది, తుగ్లక్ పదవి నిలుస్తుంది.

నా అభ్యంతరం ఇది. అంతవరకు వేషం వేసుకున్న ఆదర్శవాదిగా కనిపించిన మహదేవన్, చివరి ఘట్టంలో ఒక్కసారిగా హంతకుడికి తక్కువ కాని మనిషిగా ఎలా మారాడు? అధికారం తలకెక్కిందని మనం సర్దిచెప్పుకుంటాం, కానీ అది ఎక్కుతుండగా చూపిన సన్నివేశం నాకు కనబడలేదు. చో రామస్వామి తాను చెప్పదలచుకున్న మాట కోసం పాత్రను బలిపెట్టాడని నా అభిప్రాయం.

మైలాపూరు తెలుగు:

పాతరీలు గారూ, మీ ప్రశ్న బాగుంది కానీ ఈ చిత్రం వచ్చిన సందర్భాన్ని పక్కన పెడితే ముగింపు సగమే అర్థమవుతుంది. ఇది 1968లో నాటకంగా మొదలైంది. చో గారి వివేకా ఫైన్ ఆర్ట్స్ బృందం దాన్ని మద్రాసు సభల్లో ఆడేది. అప్పటికి ఒక్క ఏడాది ముందే, 1967లో, హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి ‘ఆయారాం గయారాం’ అనే నానుడికి కారణమయ్యాడు. 1965 నాటి హిందీ వ్యతిరేక ఉద్యమం తమిళనాట ఇంకా పచ్చిగానే ఉంది. పారశీకం హాస్యానికి మద్రాసు ప్రేక్షకుడు ఎంత నవ్వి ఉంటాడో ఊహించండి, ఎందుకంటే ఆ నవ్వులో రెండు పక్షాలవారికీ చెరొక చురక ఉంది.

చిత్రం 1971 మార్చి 5న విడుదలైంది. అదే నెల 1 నుంచి 10 వరకు లోక్‌సభ పోలింగు జరిగింది, తమిళనాడు శాసనసభకు కూడా అప్పుడే ఎన్నికలు. అంటే వేలికి సిరా గుర్తుతోనే హాలులో కూర్చున్నవారు కూడా ఉండి ఉంటారు. ఫలితాలు వచ్చాక డీఎంకేకు శాసనసభలో 184 స్థానాలు, ఢిల్లీలో ఇందిరాగాంధీ కాంగ్రెస్‌కు 352 స్థానాలు దక్కాయి. చో ఎవరిని ఎగతాళి చేశాడో వారందరూ గెలిచారు. చిత్రం కూడా బాగానే ఆడింది. ఈ రెండూ ఒకే నెలలో జరగడం ఆ ముగింపుకు దొరికిన ఉచిత వ్యాఖ్యానం అని నాకనిపిస్తుంది.

తెరవెనుక:

నేను నాటక రంగం వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఈ ముగింపు రంగస్థలానికి పుట్టింది, తెర మీదికి వచ్చేసరికి కొంత బలం పోగొట్టుకుంది.

వేదిక మీద తుగ్లక్ ప్రజలనుద్దేశించి మాట్లాడాలంటే నటుడు ఎటు తిరగాలి? ప్రేక్షకుల వైపే. ఆ క్షణంలో టిక్కెట్టు కొనుక్కుని వచ్చి ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులే ఆ సభికులవుతారు. అంతసేపూ ఆయన మాటలకు చప్పట్లు కొట్టింది వారే కనుక, రాఘవన్ నిజం చెప్పబోయే సమయానికి వారికి అతని మీద కొంచెం విసుగు కూడా కలుగుతుంది, ఎందుకంటే ఇద్దరిలో నవ్వించేవాడు తుగ్లక్. నవ్వించినవాడి పక్షాన నిలబడడం ప్రేక్షకుడికి సహజం. తెర మీద అయితే జనం అంటే మరెవరో జూనియర్ ఆర్టిస్టుల గుంపు. వాళ్లు రాఘవన్ మీద పడుతుంటే మనం సురక్షితంగా కుర్చీలో కూర్చుని, ఎంత మూఢజనం అని నిట్టూర్చగలం.

పాతరీలు గారు మార్పు కనబడలేదన్నారు. రంగస్థల రచనలో మార్పును సన్నివేశంగా చూపడం కంటే, నటుడు అదే గొంతుతో, అదే హుందాతో, అదే వెటకారంతో చివరి మాట కూడా చెప్పడం ఎక్కువ భయం పుట్టిస్తుంది. చో గొంతు మారదు. ఇంతవరకు మనల్ని నవ్వించిన ఆ సూటి, పొడి వాక్యాలే చివర్లో తోటివాడి చావుకు పనిముట్లవుతాయి. దాన్ని లోపం అనడానికి నాకు మనసు రావడం లేదు.

కృష్ణాతీరం:

ఈ చిత్రాన్ని అందరూ మెచ్చుకునేటప్పుడు ఒక విషయం మరుగున పడుతోంది. ఈ ముగింపులో అసలు ముద్దాయిగా నిలబెట్టింది ప్రజలను. నాయకుడు స్వార్థపరుడు, సరే. కానీ నిజం చెప్పేవాణ్ణి కొట్టి చంపేది జనం. చదువుకున్న మధ్యతరగతివాడు ఓటరును చూసే చిన్నచూపు అందులో స్పష్టంగా ఉంది. 1967లో అదే మద్రాసు రాష్ట్రపు ఓటర్లు, ఏళ్ల తరబడి పాలించిన కాంగ్రెస్‌ను దించేశారు. అంతకన్నా పెద్ద ఉదాహరణ 1977. అత్యవసర పరిస్థితి తరువాత ఈ దేశపు ఓటర్లు, అక్షరాలు రానివారితో సహా, ప్రధానమంత్రినే రాయ్‌బరేలీలో ఓడించారు. నిజం విన్న జనం ఎప్పుడూ రాళ్లే విసురుతారని చెప్పడం వ్యంగ్యం పేరుతో చేసిన అన్యాయం.

మైలాపూరు తెలుగు:

కృష్ణాతీరం గారూ, 1977 ఉదాహరణ రెండు వైపులా పదునున్న కత్తి. ఉత్తరాది కాంగ్రెస్‌ను తుడిచిపెట్టిన అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. జనతా పార్టీ తరఫున నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి గారొక్కరే గెలిచారు. ఒకే నిజం, ఒకే ఏడాది, రెండు రకాల తీర్పు. మన తాతతండ్రులు మూఢులని నేననడం లేదు. వారికి వారి లెక్కలుండి ఉంటాయి, అత్యవసర పరిస్థితి బాధ ఉత్తరాదిలో తగిలినంత ఇక్కడ తగలకపోయి ఉండవచ్చు. జనానికి నిజం చేరడానికి అది ఎవరి నోట వస్తోంది, వారి బతుకును ఎంతవరకు తాకింది అన్నవి ముఖ్యం. రాఘవన్ చెప్పబోయిన నిజం ఆ సభలో ఎవరి బతుకునూ తాకలేదు, వారి అభిమానాన్ని మాత్రమే తాకింది.

కృష్ణాతీరం:

ఆ లెక్క నాకు తెలిసిందే, మా ఇంట్లో దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తుంది. అయినా మీరు చెప్పినదాన్ని బట్టే చూస్తే, జనానికి లెక్కలుంటాయి. ఈ చిత్రంలోని జనానికి ఏ లెక్కా లేదు. చో వారికి ఒక్క ముఖం కూడా ఇవ్వలేదు. నా ఫిర్యాదు అక్కడ.

ఓరుగల్లు చదువరి:

చర్చ మధ్యలో అసలు తుగ్లక్‌ను తీసుకొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఊరికి ఆయనతో పాత లెక్క ఉంది. సుల్తాను కాకముందు ఉలుగ్ ఖాన్ పేరుతో 1323లో ఓరుగల్లు కోటను పట్టుకున్నది ఆయనే, ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపించినదీ ఆయనే. 1325లో గద్దెనెక్కాడు, 1351 దాకా ఏలాడు.

ఈ ముగింపును అసలు చరిత్రతో పోల్చి చూస్తే ఒక వింత కనబడుతుంది. అసలు తుగ్లక్ వెండి టంకాలకు బదులు అదే విలువతో రాగి, ఇత్తడి నాణేలు చెలామణి చేయించాడు. జనం ఇళ్లలోనే దొంగ నాణేలు పోసుకోవడం మొదలుపెట్టారు. ఇంటింటా టంకశాల వెలిసిందని ఆనాటి చరిత్రకారుడు బరనీ రాశాడు. ప్రయోగం బెడిసికొట్టిందని తెలిశాక సుల్తాను ఆ నాణేలను రద్దు చేసి, తెచ్చినవారికి ఖజానాలోంచి వెండి ఇప్పించాడు. ఎన్నో నాణేలు తిరిగి వచ్చి తుగ్లకాబాదులో గుట్టలుగా పడి ఉన్నాయట. పిచ్చివాడని లోకం ముద్ర వేసిన ఆ రాజు, తన శాసనం తప్పని నలుగురిలో తేలాక దాన్ని వెనక్కి తీసుకుని నష్టం భరించాడు. ఆయన పేరు పెట్టుకున్న మహదేవన్ మాత్రం తాను చెలామణి చేసిన నకిలీని వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఇబ్న్ బతూతా సంగతి ఇంకా రుచికరం. ఆయన 1330ల్లో ఢిల్లీకి వచ్చి, సుల్తాను కొలువులో ఖాజీగా పనిచేశాడు. సుల్తాను ఆగ్రహానికి గురైన ఒక సూఫీ గురువును కలుసుకున్నాడన్న కారణంతో ఆయన చుట్టూ కాపలా పెట్టారు. ప్రాణం పోతుందనుకుని ఉపవాసాలుండి ఖురాను పఠించాడు. చివరికి చైనాకు రాయబారిగా పంపించడంతో ఢిల్లీ నుంచి బయటపడ్డాడు. కానుకలివ్వడమన్నా, నెత్తురు కార్చడమన్నా ఆ సుల్తానుకు సమానమైన ఇష్టమని ఆయన తన యాత్రా గ్రంథంలో చెప్పాడు, కానీ ఎప్పుడు? సొంత దేశమైన మొరాకో చేరాక, సుల్తాను కూడా చనిపోయాక, తీరిగ్గా చెప్పి రాయించాడు. అసలు బతూతాకు ఉన్న ఆ తెలివి నకిలీ బతూతాకు లేకపోయింది. ఏలికకు అందనంత దూరం వెళ్లాక నిజం చెప్పాలని రాఘవన్‌కు తోచలేదు. అతను దాన్ని ఏలిక చేతికందేంత దగ్గర నిలబడి, ఏలికను అభిమానించే జనం నడుమ చెప్పబోయాడు.

చో ఈ పోలికను ఉద్దేశించాడని నేను వాదించను. ఉద్దేశించకపోయినా అది పనిచేస్తోంది.

పాతరీలు:

ఓరుగల్లు చదువరి గారూ, నాణేల సంగతి చాలా నచ్చింది. దానితో నా అభ్యంతరం తగ్గకపోగా ఇంకా పెరిగింది. అసలు తుగ్లక్ అంత సంక్లిష్టమైన మనిషి అయితే, ఆయన వేషం వేసిన మహదేవన్ ఇంత సరళమైన రేఖగా ఎందుకుండాలి? గిరీశ్ కర్నాడ్ 1964లో కన్నడంలో రాసిన నాటకంలో తుగ్లక్ ఆదర్శం కూలిపోవడాన్ని అంకం తరువాత అంకంగా చూస్తాం. అది చేయవచ్చని అప్పటికే తెలుసు.

తెరవెనుక:

అది విషాదం, ఇది ప్రహసనం. ప్రహసనంలో నాయకుడికి ఆత్మశోధన పెడితే అంతవరకు నవ్విన ప్రేక్షకుడు కుర్చీలో ఇబ్బందిగా కదులుతాడు.

మన భాషకు సంబంధించిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఈ చిత్రాన్ని 1972లో తెలుగులో తీసినప్పుడు తుగ్లక్ వేషం నాగభూషణం గారికి దక్కింది. అది సరైన ఎంపిక అని నా నమ్మకం. ‘రక్తకన్నీరు’ నాటకాన్ని ఊరూరా తిప్పి ఆడిన మనిషి ఆయన. ఆ నాటకంలో కథకు సంబంధం లేకున్నా ఆనాటి రాజకీయాల మీద అప్పటికప్పుడు ఒక విసురు విసిరి, చప్పట్లు ఆగేదాకా ఒక క్షణం ఆగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కథలోకి జారుకునేవారు. సభను అలా గుప్పిట్లో పెట్టుకున్న నటుడికి, జనాన్ని మాటలతో ఎటు కావాలంటే అటు తిప్పే పాత్ర ఇవ్వడంలో ఔచిత్యం ఉంది. పైగా మన దగ్గర ఆయన్ను తెర మీద ఎక్కువగా ప్రతినాయకుడిగానే చూశాం. అందువల్ల తెలుగు ప్రేక్షకుడు తుగ్లక్‌ను మొదటినుంచీ కొంచెం అనుమానంగానే చూస్తాడు. పాతరీలు గారు అడుగుతున్న ముందస్తు సూచన తెలుగులో నటుడి మొహంలోనే ఉంది.

నిర్వాహకులు:

చర్చ బాగా సాగుతోంది. ఈనాటి పార్టీల పేర్లతో పోల్చిన రెండు స్పందనలను తొలగించాము. దయచేసి చిత్రానికి, దాని కాలానికి పరిమితం కండి.

నల్లకోటు:

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. అందరూ మహదేవన్ గుణం గురించీ, జనం గుణం గురించీ మాట్లాడుతున్నారు. నా వృత్తి వల్ల నాకు ఆ పథకంలోని లొసుగు ముందు కనబడుతుంది. నిజం బయటపెట్టే బాధ్యతను, అబద్ధం వల్ల ఎక్కువ లాభపడేవాడి చేతికే అప్పగించారు. తుగ్లక్ చెబితేనే జనం నమ్ముతారు కనుక తుగ్లకే చెప్పాలి. అతను కాదంటే మిగిలినవాడి మాటకు విలువ లేదు, ఎందుకంటే అతనికి వచ్చిన గౌరవం కూడా తుగ్లక్ నీడలో వచ్చిందే. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలో ఆ ఇద్దరూ మొదటిరోజే ఆలోచించుకోలేదు. పైగా రంగాచారి వంటి పండితుడు వీళ్లు అసలైనవారేనని నమ్మాక ఆ అబద్ధానికి ఒక పెద్ద సాక్ష్యం పుట్టింది. దాన్ని కొట్టివేయడానికి రాఘవన్ చేతిలో ఏముంది?

ఈ ముగింపు మంచివాళ్ల మీద ఆధారపడే సంస్కరణకు వేసిన చురక అని నా అభిప్రాయం. మన చట్టాలు కూడా ఆ పాఠాన్ని ఆలస్యంగానే నేర్చుకున్నాయి. ఫిరాయించిన సభ్యుడు తనంతట తాను సిగ్గుపడి రాజీనామా చేస్తాడని చాలా ఏళ్లు ఎదురుచూశాక, 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిషేధం వచ్చింది. దానిలో కూడా మూడింట ఒక వంతు మంది కలిసి చీలితే తప్పులేదన్న వెసులుబాటు పెట్టారు. అది 2003లో 91వ సవరణతో పోయింది. మంత్రుల సంఖ్య సభ మొత్తం బలంలో 15 శాతం మించకూడదన్న హద్దు కూడా ఆ సవరణతోనే వచ్చింది. దూకినవారందరికీ ఉపప్రధాని పదవి అన్న తుగ్లక్ పథకం, ఈ నిబంధన ప్రకారం నేడు చెల్లదు. తెర మీద హాస్యంగా పుట్టిన పరిస్థితిని ఆపడానికి రాజ్యాంగాన్ని సవరించుకోవడానికి మూడు దశాబ్దాలు పైనే పట్టింది. 1999 నుంచి 2005 దాకా రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడిగా ఉన్న చో గారు, ఆ సవరణ సభకు వచ్చినప్పుడు లోలోపల నవ్వుకుని ఉంటారా అని నాకు సరదాగా అనిపిస్తుంటుంది.

కృష్ణాతీరం:

నల్లకోటు గారి వాదనతో నాకు చాలావరకు అంగీకారమే, కానీ అది నా ఫిర్యాదును తీర్చదు. పథకంలో లొసుగు ఉంటే ఆ నేరం పథకం వేసిన ఇద్దరిదీ. చిత్రం మాత్రం రాళ్లు జనం చేతికిచ్చింది. తరువాతి రోజుల్లో వచ్చిన ‘భారతీయుడు’ (1996), ‘ఒకే ఒక్కడు’ (1999) లాంటి తమిళ చిత్రాలతో పోల్చండి. అక్కడ అవినీతిపరుల గుట్టు రట్టు చేసేవాడి వెనుక జనం నిలబడతారు. ‘ఒకే ఒక్కడు’ చివర్లో కథానాయకుడు తన ప్రత్యర్థిని యుక్తితో చంపించి, చివరికి నన్ను కూడా రాజకీయ నాయకుణ్ణి చేశారని వాపోతాడు.

తెరవెనుక:

మీరు మంచి ఉదాహరణే తెచ్చారు, అది నా పక్షానికే పనికొస్తుంది. ఆ మాట మహదేవన్ చెప్పవలసిన మాటే. తేడా ఏమిటంటే అక్కడ కథానాయకుడు ఆ మాట అన్నాక కూడా మనం చప్పట్లు కొట్టి, సంతోషంగా ఇంటికి వెళ్లాం. చంపించినవాడు మనకు నచ్చినవాడు కనుక ఆ చావు మనల్ని బాధించలేదు. చో అటువంటి సౌకర్యం మనకు ఇవ్వలేదు. చచ్చిపోయినవాడు నిర్దోషి.

మైలాపూరు తెలుగు:

దీనికి ఒకటి జోడిస్తాను. చో ఈ ముగింపు రాసి ఊరుకోలేదు. 1970 జనవరిలో తాను మొదలుపెట్టిన రాజకీయ పత్రికకు ‘తుగ్లక్’ అనే పేరే పెట్టుకున్నాడు, 2016 డిసెంబరులో కన్నుమూసే వరకు దానికి సంపాదకుడిగా ఉన్నాడు. చంపబడిన రాఘవన్ పేరునో, నిజం చెప్పబోయిన బతూతా పేరునో తీసుకోలేదు. పదవిని వదలని ఆ మోసగాడి పేరుతోనే రాజకీయ నాయకులను విమర్శించాడు. తనను తాను కూడా అనుమానించమని పాఠకుడికి ఇచ్చిన అనుమతిగా నేను దాన్ని చదువుకున్నాను. ఆయన రాజకీయ అభిప్రాయాలతో నాకు చాలా చోట్ల పొత్తు కుదరదు, అది వేరే సంగతి.

పాతరీలు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి రెండో సగం మళ్లీ చూశాను. రంగస్థలం గురించి తెరవెనుక గారు చెప్పినది ఒప్పుకుంటాను, పథకం లొసుగును కూడా ఒప్పుకుంటాను. అయినా నా అడుగు అక్కడే ఉంది: మహదేవన్ ఒంటరిగా, వేషం లేకుండా, తన సొంత గొంతుతో రాఘవన్‌తో వాదించే చిన్న సన్నివేశం ఒకటి ముందే పడి ఉంటే ముగింపు రెట్టింపు బలంగా ఉండేది.

నల్లకోటు:

ఆ సన్నివేశం ఉంది, కానీ మహదేవన్ ఒంటరిగా లేడు. ఉపప్రధాని పదవులు పంచే ఘట్టాన్ని నవ్వకుండా మరోసారి చూడండి. నాయకుల బండారం బయటపడడానికి మొదటి నలుగురు దూకితే చాలు, పథకం ప్రకారం సాక్ష్యం దొరికినట్టే. ఆ తరువాత కూడా అతను పంచుతూనే ఉన్నాడు. అప్పటినుంచి ఆ పదవులు సాక్ష్యం కోసం పంచుతున్నవి కావు, ప్రభుత్వం నిలవడం కోసం పంచుతున్నవి.